పువ్వుకు రోజుంది, దండకు చెయ్యి ఉంది
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మా సంఘంలో మేము పదకొండు మందిమి. 40 సెంట్ల మెరక చేను కౌలుకు తీసుకుని పూలు వేస్తున్నాం. ఆ అనుభవం చెప్పమని సమాఖ్య వారు అడిగారు. మాకు ఉపన్యాసాలు రావు. చేలో ఏం జరిగిందో, పుస్తకంలో ఏం రాసుకున్నామో అదే చెప్తాం.

ముందుగా మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్నకు జవాబు. కాలేజీకి వెళ్లే మన పిల్లలు ఫోనులో ఒక పువ్వు చూపిస్తున్నారు. లేత గులాబీ రంగు, ముద్దబంతిలాగా రేకు మీద రేకు, గిన్నె అంత పువ్వు. పేరు పియోనీ. "అమ్మా, పెళ్లి స్టేజీలకు ఇవే పెడుతున్నారు, మీరు ఇవి ఎందుకు వెయ్యరు?" అంటారు. మేమూ ఆశపడి కనుక్కున్నాం. అది చలిదేశం మొక్క. చైనాలో ఎన్నో వందల ఏళ్లుగా పెంచుతున్నారు. చలికాలంలో పై భాగమంతా ఎండిపోయి, దుంప వేరు భూమిలో నిద్రపోతుంది. ఆ నిద్రలో దానికి 5 డిగ్రీల దరిదాపు చలి వారాల తరబడి తగలాలి. తగలకపోతే మొగ్గ కట్టదు. మన బందరులో పుష్యమాసం తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. దుప్పటి కప్పుకుంటాం గాని ఆ దుంపకు అది చలే కాదు. ఎవరైనా ఆన్‌లైన్లో దుంపలు అమ్ముతామంటే డబ్బు పంపకండి. ఆకు వస్తే రావచ్చు, పువ్వు మీద ఆశ పెట్టుకోవద్దు.

అయితే ఆ పువ్వు గురించి చదివినప్పుడు ఒక మంచి సంగతి తెలిసింది. అమెరికాలో అలాస్కా అని మంచు ప్రాంతం ఉంది. అక్కడ రైతులు పియోనీ పండించి దూరదేశాలకు పంపుతున్నారు. వాళ్ల పువ్వు మిగతా వాళ్ల పువ్వు కంటే అందంగా ఉంటుందని కాదు. మిగతా చోట్ల వసంతంలోనూ, వేసవి మొదట్లోనూ పూత అయిపోతుంది. అలాస్కాలో మంచు ఆలస్యంగా కరుగుతుంది కాబట్టి జులై, ఆగస్టుల్లో పూస్తుంది. ఎవరి దగ్గరా లేని రోజుల్లో వాళ్ల దగ్గర ఉంటుంది. అందుకే ధర. మంచుదేశం రైతుకైనా మనకైనా సూత్రం ఒకటే. పువ్వుకు ధర తెచ్చేది రంగు కాదు, రోజు.

ఇక మా పువ్వు సంగతి. మేము వేసింది లిల్లీ. పుస్తకాల్లో నేలసంపెంగ అంటారు, హిందీలో రజనీగంధ. ఇదీ దుంప నుంచి వచ్చేదే, ఇదీ కాడ మీద పూసేదే. ఇందులో రెండు రకాలున్నాయి. ఒంటిరేకు రకం దండలకు, విడిపూలకు. ముద్ద రకం కాడతో కోసి పూలగుత్తులకు, స్టేజీ అలంకరణకు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ వారు శృంగార్, ప్రజ్వల్ అని ఒంటిరేకు రకాలు, సువాసిని, వైభవ్ అని ముద్ద రకాలు ఇచ్చారు. మేము ఎక్కువ భాగం ప్రజ్వల్, నాలుగు బోదెలు సువాసిని వేశాం. ప్రజ్వల్ మొగ్గ కొసన కొంచెం గులాబీ చాయ ఉంటుంది, విచ్చితే తెలుపు. గులాబీ రంగు కావాలన్న పిల్లలకు అదే చూపిస్తున్నాం.

చేను ఎంచుకునేటప్పుడు మేము చూసినవి మూడు. మొదటిది మెరక. లిల్లీ కొద్దిపాటి ఉప్పును ఓర్చుకుంటుంది గాని నిలవనీరు ఓర్చుకోదు. మన మాగాణి నల్లరేగడిలో రెండు రోజులు నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది. రెండవది నీళ్లు. రొయ్యల చెరువు పక్క చేను చవగ్గా వస్తుంది, మేము వద్దనుకున్నాం. ఊట ఉప్పు మన గట్టు చూసి ఆగదు. బోరు నీళ్లు, మట్టి రెండూ పరీక్ష చేయించాకే కౌలు మాట్లాడాం. మూడవది, చేను ఇంటికి దగ్గరగా ఉండాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఆడవాళ్లం నడిచి వెళ్లాలి కదా.

దుంప కోడిగుడ్డు అంత ఉండనక్కర్లేదు, ఉసిరికాయ అంత ఉంటే చాలు. మరీ చిన్నవి వేస్తే మొదటి ఏడాది ఆకే గాని కాడ రాదు. తవ్విన దుంపను వెంటనే నాటకూడదు, నీడన నెల రోజులు ఆరబెట్టాలి. వరసకూ వరసకూ మధ్య మూర, దుంపకూ దుంపకూ మధ్య జాన. ఈ కొలతకు టేపు అక్కర్లేదు, మన చెయ్యి చాలు. ఎత్తుగా బోదెలు తోలి బోదె మీద నాటాలి. మేము మాఘమాసంలో నాటాం. మూడు నెలలు దాటాక కాడలు మొదలయ్యాయి. ఒకసారి నాటితే మూడేళ్లు ఉంచవచ్చు. చలికాలంలో పూత తగ్గుతుంది, ఎండలు ముదిరే కొద్దీ, వానల్లోనూ బాగా వస్తుంది. మూడేళ్లయ్యాక దుంపలు తవ్వి, ఆ మడిలో ఒక పంట బంతి వెయ్యాలి. బంతి వేరు నులిపురుగును తగ్గిస్తుంది. వంగ, టమాటా వేసిన మడిలో వెంటనే లిల్లీ వేస్తే నులిపురుగు ఎదురుచూస్తూ ఉంటుంది.

మందుల ఖర్చు కంటే ముందు మేము పెట్టిన ఖర్చు గమ్‌బూట్లు, తలకు కట్టుకునే లైట్లు. నవ్వకండి అక్కా. 2018 వానాకాలంలో అవనిగడ్డ ఆసుపత్రికి పాముకాటు కేసులు వరసగా వచ్చిన సంగతి దివిసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. లిల్లీ రాత్రి విచ్చే పువ్వు, తెల్లారకముందే కొయ్యాలి. చీకట్లో, తడిలో, ఆకు మధ్య చెయ్యి పెట్టాలి. బూట్లు లేకుండా మా చేలోకి ఎవరూ దిగకూడదని తీర్మానం రాసుకున్నాం. కాటు పడితే మంత్రం దగ్గరకు కాదు, నేరుగా ఆసుపత్రికే అని కూడా రాసుకున్నాం.

ఇప్పుడు రోజు సంగతి. వరి బస్తా ఈ వారం ధర లేకపోతే వచ్చే వారం అమ్ముకోవచ్చు. పువ్వు ఇవాళ అమ్మకపోతే రేపు చెత్త. అందుకని మా సంఘంలో మినిట్స్ పుస్తకం పక్కన పంచాంగం ఉంటుంది. ఉగాది నాడు కూర్చుని ఏడాది మొత్తానికి గుర్తులు పెట్టుకుంటాం. శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి, దసరా పది రోజులు, దీపావళి, కార్తీక సోమవారాలు, నాగులచవితికి మోపిదేవి, కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవం, మంగినపూడి సముద్ర స్నానాలు, సుబ్రహ్మణ్య షష్ఠి, ధనుర్మాసం, సంక్రాంతి. తర్వాత పెళ్లి ముహూర్తాలు. అవి అయ్యాక ముహూర్తాలు లేని రోజులు ఎర్ర సిరాతో. ఆషాఢం, మూఢం, అధికమాసం.

అధికమాసం లెక్క తెలియకపోతే ఏమవుతుందో 2023 చెప్తుంది. ఆ ఏడాది శ్రావణం రెండుసార్లు వచ్చింది. జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం, ఆ తర్వాత నిజ శ్రావణం. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. ఇంగ్లీషు తేదీ చూసి పంట వేసినవాళ్ల బంతి జులై ఆఖరులో విరగబూసింది, కొనేవాళ్లు లేరు. బంతికి నారు 25 రోజులు, నాటాక పూతకు 55, 60 రోజులు. పండగ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి నారు పొయ్యాలి. చామంతి ఇంకో తీరు. అది రాత్రి పొడుగు చూసి మొగ్గ వేస్తుంది. దాన్ని మనం తొందరపెట్టలేం, పొద్దు తగ్గినప్పుడే పూస్తుంది. కాబట్టి చామంతి కార్తీకానికి, ధనుర్మాసానికి గాని శ్రావణానికి కాదు.

లిల్లీ రోజూ పూస్తుంది కాబట్టి ప్రతి సాయంత్రం ఒక నిర్ణయం ఉంటుంది. రేపు ముహూర్తం ఉంటే ముద్ద రకం కాడలు కోసి కట్టలు కడతాం. కింద ఒకటి రెండు పూలు విచ్చి, పైవి మొగ్గగా ఉన్నప్పుడే కాడ కొయ్యాలి. కోసిన వెంటనే బకెట్టు నీళ్లలో నిలబెట్టాలి. పండగ ఉంటే ఒంటిరేకు మొగ్గలు దండలకు. ఏదీ లేకపోతే విడిపూలు కిలోల లెక్కన బెజవాడ హోల్‌సేల్ మార్కెట్‌కు మొదటి బస్సులో. మా పుస్తకంలో ఆషాఢం ధర, శ్రావణ శుక్రవారం ముందురోజు ధర పక్కపక్కన ఉన్నాయి. అదే కిలో, అదే పువ్వు. రెండింతలు దాటిన రోజులున్నాయి.

లెక్క ఎంత బాగా వేసుకున్నా పైనుంచి వచ్చేది వస్తుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వచ్చాయి. ఐదు రోజుల్లో వినాయక చవితి. కరకట్ట లోపల లంకల్లో పసుపు, అరటి, కంద, పూలు అన్నీ నీళ్ల కింద. మా చేను కరకట్టకు ఇవతల. ఏటి నీరు రాలేదు గాని వాన నీరు మురుగు కాల్వ లాగలేదు. పల్లం వైపు బోదెల్లో నాలుగు రోజులు నిలిచింది. అటువైపు దుంపలు మెత్తబడి వాసన కొట్టాయి. మెరక వైపు బోదెలు బతికాయి. చవితికి మాకు ఉన్నది ఆ సగం చేలోని పువ్వే. ఆ దుంపల్నే పిలకలు విడదీసి, మళ్లీ నాటి, ఇప్పుడు చేను నిండింది. అప్పుడు తెలిసింది, ఇంటి పెరట్లో ఎందుకు పెంచాలో. పదకొండు మంది ఇళ్లల్లో పెరట్లో ఒక్కో మడి, స్థలం లేనివాళ్లకు పెయింటు డబ్బాల్లో నాలుగేసి దుంపలు. డబ్బా కిందుగా చిల్లులు, సగం ఇసుక సగం పశువుల ఎరువు మట్టి. ఇంట్లో దేవుడికి పువ్వు, సాయంత్రం వాసన. చేను మునిగినా విత్తనం దుంప మన ఇంట్లో ఉంటుంది.

ఆ వరదకు నష్టపరిహారం సంగతి చెప్పాలి. ఈ-పంటలో చేను ఎవరి పేరున ఉందో వాళ్లకే లెక్క. కౌలుదారుకు హక్కు పత్రం ఇచ్చే చట్టం 2019లో వచ్చింది. దానికి భూమి యజమాని సంతకం కావాలి. మా యజమాని మంచివారే, అయినా సంతకం అనేసరికి భయపడ్డారు. దున్నింది మేము, నాటింది మేము, కుళ్లిన దుంప ఏరింది మేము. కాగితం మీద మాత్రం మేము లేం. ఈ సభలో ఉన్న కౌలు రైతు అక్కలందరిదీ ఇదే కథ.

ఇక చెయ్యి సంగతి. సంఘం లెక్కల పుస్తకంలో దుంపలు, ఎరువు, మందు, కోత కూలి, బస్సు చార్జీ అన్నిటికీ గడులున్నాయి. దండ కట్టుబడికి గడి లేదు. ఎందుకంటే పూలు కట్టడం ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేసే పని అని లోకం అనుకుంటుంది. అది పనిలో లెక్క కాదు. మేము ఒక నెల రోజులు ఎవరు ఎన్ని మూరలు కట్టారో, ఎన్ని గంటలు కూర్చున్నారో రాశాం. అరటినార నానబెట్టడం దగ్గర నుంచి రాశాం. విడిపువ్వుగా వెళ్లిన కిలోకు వచ్చిన డబ్బు, దండగా వెళ్లిన కిలోకు వచ్చిన డబ్బు పక్కన పెడితే, పైకి వచ్చినదంతా వేళ్లది. మెడ వంచి, వేలికి నార కోసుకుపోయిన వేళ్లది. ఆ రోజు నుంచి కట్టుబడికి గడి గీశాం. మూరకు ఇంత అని ముందు కూలి తీసి, మిగిలినదే లాభం అని పంచుకుంటున్నాం. లాభం అంకె చిన్నదైంది. కాని ఎక్కువ కట్టిన అక్కకు ఎక్కువ వెళ్తోంది, అది న్యాయం.

ఈ గడి గీశాకే ఇంకో విషయం బయటికొచ్చింది. అందరికంటే ఎక్కువ మూరలు కట్టేది మా సంఘంలో భర్తలు పోయిన ముగ్గురు అక్కలు. చెయ్యి చాలా చురుకు, దండ బిగువు చెడదు. ఒక పెళ్లివారు ఆర్డరు ఇస్తూ, "దండలు ముత్తైదువులే కట్టాలి" అన్నారు. సంఘం సమావేశంలో పెట్టాం. కొందరు, "ఆ ఒక్కరోజుకు వేరేవాళ్లం కడదాం, ఆర్డరు పెద్దది" అన్నారు. ఆ ముగ్గురిలో పెద్దక్కే లేచి, "నా మూలాన మీ ఆర్డరు పోవద్దమ్మా, ఆ రోజు నేను రాను" అంది. ఆ మాట విన్నాక ఎవరికీ నోట మాట రాలేదు.

చివరికి తీర్మానం ఇలా రాశాం. మా దండ సంఘం కట్టిన దండ. ఎవరి చెయ్యి అని అడిగేవారి ఆర్డరు మేము తీసుకోం. ఆ పెళ్లి ఆర్డరు పోయింది. తర్వాత ఇంకొకటి కూడా పోయింది. నష్టం పుస్తకంలో రాసుకున్నాం, దాచలేదు. వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారని మనమంతా బడిలో చదివాం. పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నాం. అంత పెద్ద పని మనవల్ల కాకపోవచ్చు. పువ్వు పండించిన చెయ్యి, కోసిన చెయ్యి, బస్సెక్కించిన చెయ్యి పనికొచ్చి, కట్టేటప్పుడు మాత్రం పనికిరాదంటే ఒప్పుకోకుండా ఉండటం మనవల్ల అవుతుంది. ఆర్డర్లు మళ్లీ వస్తున్నాయి. దండ బాగుంటే చాలామంది ఏమీ అడగరు. సంక్రాంతికి ఆ ముగ్గురు అక్కలకూ మిగతా అందరితో పాటు దండలు ఇచ్చాం. ఇద్దరు తలలో పెట్టుకున్నారు. పెద్దక్క పెట్టుకోలేదు, ఇంటికి తీసుకెళ్లి దేవుడి పటానికి వేసుకుంది. అది ఆమె ఇష్టం. ఇవ్వడం వరకే మా పని.

పూలు వేద్దామనుకునే సంఘాలకు మా మాట. మొదటి ఏడాదే ఎకరాలు వద్దు, పది సెంట్లతో మొదలుపెట్టండి. చేను మెరకో కాదో వాన కురిసిన మర్నాడు వెళ్లి చూడండి, ఎండాకాలంలో చూస్తే తెలియదు. మీ ఊరి నుంచి మార్కెట్‌కు తెల్లవారుజాము బస్సు ఉందో లేదో ముందు కనుక్కోండి. దుంపలు కళ్లతో చూసి, చేత్తో నొక్కి కొనండి. కొత్త పువ్వు ఎవరైనా చూపిస్తే రంగు తర్వాత, ముందు మూడు ప్రశ్నలు అడగండి. మన ఎండకు, మన నీటికి బతుకుతుందా? ఏ రోజుల్లో పూస్తుంది? ఆ రోజుల్లో కొనేది ఎవరు?

సమాఖ్యను మేము కోరేవి నాలుగు. ఒకటి, అన్ని సంఘాల పూల లెక్కల పుస్తకాల్లో కట్టుబడి గడి అచ్చువేయించాలి. రెండు, కౌలు చేలు సాగుచేసే సంఘాల తరఫున సమాఖ్య పెద్దలే యజమానులతో కూర్చుని, హక్కు పత్రాలు ఆడవాళ్ల పేరున ఇప్పించే పని తలకెత్తుకోవాలి. సంతకం పెడితే భూమి పోదని మేము చెప్తే నమ్మరు, మీరు చెప్తే వింటారు. మూడు, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వారితో మాట్లాడి, ఏడాదికి ఒకసారైనా మట్టి, నీటి ఉప్పు పరీక్షలకు సంఘాలన్నిటికీ ఒకే రోజు పెట్టించాలి. నాలుగు, ముత్తైదువులే కట్టాలనే షరతుతో వచ్చే ఆర్డరును ఏ సంఘమూ తీసుకోకూడదని ఈ మహాసభలో తీర్మానం చెయ్యాలి. మేము ఒక్కళ్లం వద్దంటే ఆ ఆర్డరు పక్క ఊరి సంఘానికి వెళ్తుంది. అందరం వద్దంటే ఆ షరతే పోతుంది.

నాలుగో కోరిక మీద చేతులెత్తమని అధ్యక్షురాలు గారిని ఇప్పుడే అడుగుతున్నాం. దుంపలు కావలసిన సంఘాలు భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి. ఈసారి తవ్వకంలో మిగిలిన పిలకలు రెండు గోనెసంచుల్లో తెచ్చాం. డబ్బులొద్దు. మీ చేలో పిలకలు వేశాక అన్ని దుంపలు ఇంకో సంఘానికి ఇవ్వండి, అదే లెక్క.